రావిర్యాల నుంచి మెదక్ గుడి దాకా



రావిర్యాల అంటే ఇప్పుడు ఊరికంటే ముందు ఔటర్ రింగు రోడ్డు గుర్తొస్తుంది. 13వ నంబరు ఎగ్జిట్ అంటే చాలు, ఎవరైనా దారి చెప్తారు. దిగగానే వండర్‌లా, ఆ పక్కన ఫ్యాబ్ సిటీ, తుక్కుగూడ దాటితే శంషాబాద్ విమానాశ్రయం. ఈ చుట్టుపక్కల కాపురం ఉండే మాబోటివాళ్లకు దీనివల్ల ఒక సుఖం అమరింది. 158 కిలోమీటర్ల ఆ రోడ్డెక్కామంటే హైదరాబాద్ ట్రాఫిక్ ముఖం చూడకుండానే తెలంగాణలో ఏ దిక్కుకైనా వెళ్లిపోవచ్చు. మెదక్ మాకు సరిగ్గా నగరానికి అవతలి దిక్కు. శంషాబాద్, కోకాపేట, పటాన్‌చెరు మీదుగా సుమారు సగం చుట్టు తిరిగి దుండిగల్ దగ్గర దిగితే నర్సాపూర్ రోడ్డు తగులుతుంది. ఇక మెదక్ దాకా పెద్దగా మలుపులు వెతుక్కోనక్కర్లేదు.

సెలవు రోజున ఎక్కడికి వెళ్దామన్న మాట వచ్చినప్పుడు మా పిల్లలు ఇంటి పక్కనున్న వండర్‌లా అన్నారు. మా అమ్మ మెదక్ చర్చి అంది. మనవరాలికి అనుమానం వచ్చింది. "నానమ్మా, మనం క్రిస్టియన్లమా?" అని అడిగింది. మా అమ్మ ఏమాత్రం తడుముకోలేదు. "జాంగీర్ పీర్ల కాడికి పోయిననాడు మనం సాయిబులమైనమా?" అంది. ఆ ఒక్క మాటతో ప్రయాణం ఖాయమైంది. ఈ ప్రసంగానికి విషయం కూడా దొరికింది.

జాంగీర్ పీర్లు అంటే కొత్తూరు మండలం ఇన్ముల్‌నర్వలో ఉన్న జహంగీర్ పీర్ దర్గా. శంషాబాద్ నుంచి బెంగళూరు రోడ్డున కొంచెం ముందుకు పోతే వస్తుంది. అక్కడ మొక్కు తీర్చుకుని, కందూరు చేసుకుని, చుట్టాలకు అన్నం పెట్టుకునే కుటుంబాల్లో హిందువులు ఎందరుంటారో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. అదే జనం మరో వారం అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడికి వెళ్తారు. ఇంకో వారం చిలుకూరు బాలాజీ చుట్టూ ప్రదక్షిణలు చేస్తారు. మొక్కు ఎక్కడ తీరుతుందంటే అక్కడికి పోవడం మన పల్లెల పాత అలవాటు. మెదక్ చర్చి ఆ అలవాటులోకి ఎలా వచ్చి చేరిందన్నదే నాకు ఆశ్చర్యం. ఎందుకంటే దాన్ని కట్టించినవాళ్ల మతసంప్రదాయంలో యాత్ర అన్నమాటకే చోటు లేదు. ఆ సంగతి కాస్త తర్వాత చెప్తాను. ముందు దారి.

దుండిగల్ దాటి, గుమ్మడిదల దాటితే నర్సాపూర్ అడవి. టేకు చెట్ల మధ్య నుంచి రోడ్డు పోతుంది. కోతులు రోడ్డు వారన వరుసగా కూర్చుని కార్ల కోసం ఎదురుచూస్తుంటాయి. అరటిపళ్లు విసిరే పుణ్యాత్ములే వాటిని అడవిలోంచి రోడ్డు మీదికి తెచ్చి చక్రాల కింద పడేస్తున్నారని నా అభిప్రాయం. అద్దాలు ఎత్తుకుని పోవడమే వాటికి మనం చేసే మేలు.

అడవి తర్వాత కౌడిపల్లి, దాని తర్వాత కొల్చారం. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. కాళిదాసును చదువుకున్న ప్రతివాడూ ఈ ఊరికి బాకీపడ్డాడు. రఘువంశానికీ, కుమారసంభవానికీ, మేఘసందేశానికీ సంజీవని పేరుతో వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి ఇంటిపేరు కొలాచల. ఆయన ఊరు ఈ కొల్చారమేనని పండితులు చెప్తారు. భారవి కిరాతార్జునీయానికి ఘంటాపథం, మాఘుడి శిశుపాలవధకు సర్వంకష కూడా ఆయనవే. దేశమంతటా సంస్కృతం చదివే పిల్లలు ఆయన చెయ్యి పట్టుకునే కావ్యాల్లోకి నడుస్తారు. ఇదే కొల్చారంలో జైనుల పార్శ్వనాథ క్షేత్రం కూడా ఉంది. నల్లరాతి నిలువెత్తు తీర్థంకరుడు. ఇంకాస్త ముందుకెళ్తే పోతంశెట్టిపల్లి చౌరస్తా. అక్కడ తిరిగితే మంజీర ఏడు పాయలుగా చీలినచోట వనదుర్గమ్మ. శివరాత్రికి ఏడుపాయల జాతర ఎలా ఉంటుందో మెతుకుసీమ, అంటే మెదక్ ప్రాంతం వాళ్లను అడగండి. ఒక్క రోడ్డు మీద సంస్కృత పండితుడు, జైన తీర్థంకరుడు, వనదుర్గమ్మ, ఆ తర్వాత యేసుక్రీస్తు. మా అమ్మ చెప్పిన లెక్క ఈ రోడ్డుకు ముందే తెలిసినట్టుంది.

మెదక్ ఊరు దగ్గరపడుతుండగానే శిఖరం కనిపిస్తుంది. ఎత్తు సుమారు 175 అడుగులు. గుడి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. ఒకేసారి ఐదు వేల మంది కూర్చోవచ్చంటారు. దగ్గరికి వెళ్తే మొదట మాట పడిపోతుంది. చుట్టూ పొలాలు, చింతచెట్లు, తెలంగాణ ఎండ. మధ్యలో ఇంగ్లండులో ఉండాల్సిన గుడి.

దీని వెనుక ఉన్న మనిషి చార్లెస్ వాకర్ పాస్నెట్. ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టు మిషనరీ. 19వ శతాబ్దం చివరి ఏళ్లలో ముందు సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఇంగ్లీషు సైనికుల మధ్య పని చేశాడు. ఆ పని ఆయనకు చాల్లేదు. అక్కణ్ణుంచి మెదక్ చేరాడు. అప్పటికి ఇక్కడికి రైలు లేదు, గుర్రమెక్కి రావాల్సిందే. బడి, ఆస్పత్రి, చిన్న ప్రార్థనాలయం, ఇవన్నీ అయ్యాక పెద్ద గుడి ఆలోచన. 1914లో పని మొదలైంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఆ పదేళ్లూ ఎలాంటివో గుర్తు చేసుకోండి. మొదటి ప్రపంచ యుద్ధం, దాని వెంటే ఇన్‌ఫ్లుయెంజా, దానితోపాటు నిజాం రాజ్యంలో కరువు. తిండికి వాచిపోయిన జనానికి ఊరికే గింజలు పంచే బదులు పని చూపించి, ఆ పనికి తిండి పెట్టాలని పాస్నెట్ అనుకున్నాడని మెదక్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆడా మగా రాళ్లు మోశారు, సున్నం కలిపారు, సాయంత్రానికి గింజలు ఇంటికి పట్టుకుపోయారు.

కరువు పనిగా కట్టడం కట్టించడం కొత్త సంగతేమీ కాదు. లక్నోలో అసఫుద్దౌలా బడా ఇమాంబాడా కట్టించింది 1784 నాటి కరువులోనే. మెదక్ పక్కనే ఉన్న పోచారం చెరువు కట్ట కూడా 1916, 1922 మధ్యలో వేసిందే. అంటే ఈ జిల్లా చేతులు ఒకే కాలంలో ఒకచోట నీటికి కట్ట కట్టాయి, ఇంకోచోట దేవుడికి గుడి కట్టాయి. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దె మీద ఉన్న రోజులు. ముస్లిం రాజు రాజ్యంలో, ఇంగ్లీషు మిషనరీ చూస్తుండగా, ఎక్కువగా హిందూ, దళిత కుటుంబాల నుంచి వచ్చిన కూలీలు ఎత్తిన గోడలివి.

ఇక ముందు దాటవేసిన సంగతి. మెథడిస్టులు జాన్ వెస్లీ శిష్యపరంపర. 18వ శతాబ్దంలో ఆ వెస్లీని చాలా చర్చీలు లోపలికి రానీయలేదు. 1739లో బ్రిస్టల్ దగ్గర బొగ్గుగని కార్మికులకు పొలాల్లోనే నిలబడి బోధించాడు. సొంత ఊరు ఎప్‌వర్త్‌లో గుడి ఇవ్వకపోతే తండ్రి సమాధి మీద నిలబడి మాట్లాడాడు. గోడలు లేని చోట దేవుణ్ణి పిలిచిన మనిషి ఆయన. ఆయనకు ముందు, 16వ శతాబ్దంలోనే ప్రొటెస్టెంటులు యాత్రలను, మొక్కుబడులను, సాధువుల అస్థికల పూజను తోసిపుచ్చారు. జర్మనీలో లూథర్ తీర్థయాత్రలు మానెయ్యమన్నాడు. ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ 1538లో కాంటర్‌బరీలోని సాధువు బెకెట్ సమాధినే పగలగొట్టించాడు. శతాబ్దాల తరబడి జనం నడిచి వెళ్లిన క్షేత్రం అది. అలాంటి వంశంలో పుట్టిన సంప్రదాయం మెదక్‌లో పెద్ద గుడి కట్టింది. అందులో అస్థికలు లేవు, మహిమలు చూపే విగ్రహం లేదు, ఎవరికీ దర్శనమిచ్చిన కథ లేదు. ఉన్నది బల్లలు, బైబిలు, ప్రసంగ వేదిక.

మరి ఇంతమంది ఎందుకు వస్తున్నారు?

గుడి ఆవరణలో వేపచెట్టు కింద ఒక కుటుంబం టిఫిన్ డబ్బాలు విప్పుకుని కూర్చుంది. పక్కనే మేమూ చాప పరుచుకున్నాం. పెద్దామె మా అమ్మ వయసే. మాట కలిసింది. "యాడికెల్లి వచ్చిండ్రక్కా?" అని ఆమె అడిగింది. మా అమ్మ చెప్పింది. "మాది నారాయణఖేడ్ దిక్కు. పోయినేడు మనుమనికి పాణం బాగలేకుండె. బాగైతే వస్తనని మొక్కిన. బాగైండు, వచ్చిన" అందామె. "మీరు చర్చోళ్లా?" అని మా అమ్మ అడిగింది. "కాదక్కా. శివరాత్రికి ఏడుపాయల పోతం. క్రిస్మస్‌కు ఈడికొస్తం. అమ్మకాడ కోడిని కోస్తం, ఈడ కొవ్వొత్తి పెడ్తం. గంతే" అందామె. ఈ రెండు మాటల్లో నాలుగైదు వందల ఏళ్ల యూరోపు వేదాంత వివాదం కొట్టుకుపోయింది. క్షేత్రాన్ని చేసేది కట్టించినవాడు కాదు, వచ్చేవాళ్లే. మెథడిస్టులు ఆరాధనకు ఇల్లు కట్టారు. మెతుకుసీమ జనం దానికి జాతర తెచ్చారు.

ఈ మాట నిజమో కాదో చూడాలంటే మరో రెండు గుళ్ల పక్కన పెట్టాలి. మొదటిది డోర్నకల్. ఆంగ్లికన్ సంఘాల్లో భారతీయుడైన మొదటి బిషప్ వి.ఎస్. అజరయ్య. 1912లో అభిషిక్తుడయ్యాడు. మన గుడి మన నేల మీద పుట్టినట్టుండాలని ఆయన పట్టుబట్టాడు. స్తంభాల మండపాలు, గుమ్మటాలు, దేవాలయ శిల్పరీతి, మసీదు పోకడ, అన్నీ కలిపి కట్టించిన ఆ కెథడ్రల్ 1939లో పూర్తయింది. నా మట్టుకు నాకు అదే తెలంగాణలో అన్నిటికంటే ఆలోచనతో కట్టిన చర్చి. అయినా మెదక్ వెళ్లే జనంలో ఎన్నోవంతు డోర్నకల్ వెళ్తారు? దేశీ రూపం ఇచ్చినచోట జాతర రాలేదు, పూర్తిగా పరాయి రూపం ఉన్నచోట వచ్చింది. రూపం చూసి మొక్కు కట్టడం మన జనానికి తెలియదని తేలిపోయింది. పైగా వింత అయినది, ఎత్తయినది, దూరం నుంచి కనిపించేది మన కళ్లకు ఎప్పుడూ దేవుడికి దగ్గరగానే అనిపిస్తుంది.

రెండోది విజయవాడ గుణదల. అక్కడ ఆర్లాటి అనే ఇటలీ ఫాదర్ కొండ మీద మరియమాత విగ్రహం పెట్టించింది కూడా 1924లోనే. మెదక్ గుడి ప్రతిష్ఠ జరిగిన సంవత్సరమే. కాని గుణదల రోమన్ కాథలిక్ క్షేత్రం. యాత్ర, మొక్కు వాళ్ల సంప్రదాయంలో మొదటి నుంచీ ఉన్నవే. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా తిరునాళ్లు జరుగుతాయి. కొబ్బరికాయలు, తలనీలాలు, కొండ మెట్లు, అన్నీ ఉంటాయి. అక్కడ సంఘమే యాత్రను పిలిచింది. మెదక్‌లో ఎవరూ పిలవలేదు. జనమే వచ్చారు. ఆ తేడా నాకు పెద్దదిగా తోస్తుంది.

ఇక్కడే చిన్న పేచీ ఒకటి. మెదక్ గురించి ఎవరిని అడిగినా "వాటికన్ తర్వాత ఇదే పెద్దది" అంటారు. కొందరు ఆసియాలోకెల్లా అంటారు, కొందరు ప్రపంచంలోనే అంటారు. వాటికన్ రోమన్ కాథలిక్కుల పీఠం. మెదక్ గుడి 1947 నుంచి దక్షిణ ఇండియా సంఘానిది, అంటే సి.ఎస్.ఐ.ది. ఆ ఏడు సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొన్ని ప్రొటెస్టెంటు సంఘాలు ఒక్కటయ్యాయి. మెదక్ అధ్యక్ష మండలానికి ఫ్రాంక్ విటేకర్ మొదటి బిషప్. అది ఒక ఇల్లు, ఇది ఇంకో ఇల్లు. ఒకదాని తర్వాత ఒకటిగా కొలవడానికి ఏముంది? నిజానికి వేర్వేరు సంఘాల వాళ్లు విభేదాలు పక్కన పెట్టి ఒక్కటవడం, ఆ ఒక్కటైన సంఘానికి ఈ గుడి పెద్ద పీఠం కావడం, అడుగుల లెక్కకంటే పెద్ద సంగతి. అది మాత్రం ఎవరూ చెప్పరు.

ఇప్పుడు లోపలికి రండి. నేల మీద పరిచిన రంగుల పలకలు బ్రిటన్ నుంచి ఓడల్లో వచ్చినవి. వాటిని అమర్చడానికి ఇటలీ పనివాళ్లు వచ్చారు. నూరేళ్ల పాదాలు నడిచినా వాటి రంగు ఇంకా నిలిచే ఉంది. తలెత్తితే రాతి కమానులు. గోథిక్ పద్ధతిలో కిటుకంతా ఆ మొనదేలిన కమానులోనే ఉంది. గుండ్రటి కమాను బరువును పక్కలకు ఎక్కువగా నెడుతుంది, అందుకే దానికి మందపాటి గోడలు కావాలి. మొనదేలిన కమాను బరువును చాలావరకు నిలువుగా స్తంభాల మీదికి దించుతుంది. గోడ మీద భారం తగ్గితే గోడను కోసి కిటికీ పెట్టొచ్చు. అందుకే ఇంత పెద్ద రంగు అద్దాల కిటికీలు సాధ్యమయ్యాయి. మెదక్ గుడికి ప్రాణం ఆ మూడు కిటికీలే.

మూడూ లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన. ఇంగ్లండు రాజకుటుంబం బొమ్మలు గీసిన మనిషి. ఉత్తరాన వేదిక వెనుక ఉన్నది యేసు ఆరోహణం, 1927లో పెట్టారు. పడమటి వైపుది యేసు జననం, 1947లో వచ్చింది. తూర్పుది సిలువ ఘట్టం, 1958లో. వచ్చిన వరుస చూడండి. ముందు స్వర్గానికి ఎక్కడం, తర్వాత పుట్టడం, చివరికి చనిపోవడం. కథ తలకిందులైంది. కాని ఇంకో రకంగా చదివితే అందులో మన చరిత్ర ఉంది. మొదటి రెండు కిటికీలూ నిజాం పాలనలో వచ్చాయి. మూడోది వచ్చేనాటికి నిజాం పాలన లేదు, హైదరాబాద్ రాష్ట్రమూ లేదు, ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేళ్లు. ఇప్పుడు చూసే మనం తెలంగాణలో ఉన్నాం. అద్దాల్లో బొమ్మలు కదల్లేదు, బయట ప్రభుత్వాలే మారాయి.

ఈ బొమ్మలు గోడ మీద వేసినవి కావు. రంగు గాజు ముక్కల్ని ఆకారానికి కోసి, సీసపు పట్టీలతో కలిపి, ముఖాల మీది గీతల్ని గాజు మీదే రాసి కాల్చినవి. కాబట్టి వెలుగు అవతలి నుంచి రావాలి. సూర్యుడు లేకపోతే లోపలున్నవాడికి అది నల్లటి గోడే. లోపల ఎన్ని బల్బులు వెలిగించినా ఉపయోగం లేదు. మేము వెళ్లినప్పుడు పొద్దు వాలుతోంది. పడమటి కిటికీ నిండా వెలుగు. పశువుల పాకలో పుట్టిన బిడ్డ చుట్టూ ఎరుపు, నీలం, బంగారు రంగులు నేల మీది పలకల దాకా జారి, బల్లల మీద కూర్చున్నవాళ్ల భుజాల మీద పడుతున్నాయి. మా పిల్లలు రంగు పడినచోటల్లా అరచేతులు చాపి చూసుకున్నారు. వండర్‌లా మాట ఆ పూట మళ్లీ రాలేదు.

పండుగ రోజు సంగతి వేరు. డిసెంబరు 24 రాత్రికే ఆవరణ నిండిపోతుంది. బండ్ల మీద, ట్రాక్టర్ల మీద, బస్సుల్లో వచ్చిన కుటుంబాలు చెట్ల కింద దుప్పట్లు పరుచుకుంటాయి. బొమ్మల దుకాణాలు, గాజుల దుకాణాలు, మిర్చి బజ్జీల బండ్లు వెలుస్తాయి. తెల్లవారుజామున మొదటి ఆరాధన మొదలవుతుంది. 2024 డిసెంబరు 25తో గుడికి నూరేళ్లు నిండాయి. ఆ రోజు రాష్ట్ర ముఖ్యమంత్రి ముందు ఏడుపాయల దుర్గమ్మను దర్శించుకుని, ఆ తర్వాత మెదక్ చర్చికి వచ్చారు. అది రాజకీయ మర్యాదేనని కొందరు అనొచ్చు. కావచ్చు. కాని వేపచెట్టు కింద నారాయణఖేడ్ పెద్దామె చెప్పిన దారీ అదే కదా.

వెళ్లాలనుకునే శ్రోతలకు నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. సిలువ కిటికీ చూడాలంటే పొద్దున వెళ్లండి, జననం కిటికీకి మధ్యాహ్నం తిరిగాక. చీకటి పడ్డాక వెళ్తే కిటికీలు చూసినట్టే కాదు. ఆదివారం ఉదయం ఆరాధన వేళకు చేరితే ఫోన్ జేబులో పెట్టి, వెనక బల్ల మీద నిశ్శబ్దంగా కూర్చోండి. అది వాళ్ల ప్రార్థన సమయం, మన విహార సమయం కాదు. తిరుగు ప్రయాణంలో కొల్చారంలో ఆగండి. అంత మల్లినాథుడిని పిల్లలకు పరిచయం చేయడానికి ఐదు నిమిషాలు చాలు. క్రిస్మస్ నాడే వెళ్లదలిస్తే కారు ఊరి బయటే ఆపి నడవండి. ఆ రోజు ట్రాక్టర్లలో, బస్సుల్లో వచ్చేవాళ్లకు రోడ్డు మనకంటే ఎక్కువ అవసరం.